వాల్తేరా, మద్రాసా

నరసరావుపేట, జూన్ 1946, శనివారం

గుంటూరు కాలేజీ నుంచి మా అమ్మాయి సువార్త టి.సి. తెచ్చానని తెలిసి సంఘపెద్ద గుమ్మంలోకొచ్చాడు. "ఆడపిల్లకి ఇంకా చదువేందయ్యా?" అన్నాడు. బైబిలు తెరిచి, దెబోరా అనే ఆడమనిషి ఇశ్రాయేలుకు న్యాయం తీర్చిన అధ్యాయం ఆయన ముక్కు కింద పెట్టాను. "చదివి, తర్వాత మాట్లాడు" అన్నాను. చదవకుండానే పోయాడు.

ఆ ఊపులోనే, "ఏమే, సోమవారం వాల్తేరు యూనివర్సిటీలో చేర్పిస్తా" అన్నాను సువార్తతో.

"నేను మద్రాసుకి అప్లికేషన్ పెట్టాను నాన్నా. వాల్తేరు కావాలని నీకెవరు చెప్పారు?" అంది.

ఒళ్లు మండింది. నిజమే, నేను అడగనేలేదు. మద్రాసులో మనవాళ్లు ఒక్కరూ లేరు. జ్వరమొస్తే గంజి ఎవరు కాస్తారు? గట్టిగా అరిచాను. అది కళ్లు దించలేదు.

సరే, మద్రాసుకే పంపుతాను. సంఘం నన్ను వెలేసుకోనీ. నా అరుపుకే బెదరని పిల్లని మద్రాసు ఏం బెదిరిస్తుంది?