తొలి వాన, టాలీ వాగు

సెప్టెంబర్ 9

టాలీ వాగుని చంపుతున్నది మీరే. అటూ ఇటూ చూడకండి, మీరే. అరిగిన టైర్లు నాలుగూ షాపువాడి మొహాన పడేసి, రీసైక్లింగ్ ఫీజు కట్టి, చేతులు దులుపుకుని కొత్త టైర్ల మీద ఇంటికెళ్లిపోయారు కదా. పాతవి ఎక్కడికి పోతాయనుకున్నారు? స్వర్గానికా? మా బావ తుక్కు యార్డుకి వస్తాయి. ఊరి చివర, వాగు ఒడ్డుకి.

ఈ వారం కాలమ్ ఇలా మొదలుపెట్టాను. ఎడిటర్ ఎలాగూ కోస్తాడు. ఇక్కడ నన్ను కోసేవాడు లేడు.

ఇక్కడ వానలు శరత్తులోనే, వేసవంతా చినుకు లేదు. యార్డులో తుప్పు, నూనె, బ్రేకుల పొడి, టైరు పొడి నేలమీద పేరుకుని కూచున్నాయి. తొలి వాన పడగానే అదంతా ఒక్క ఊపున వాగులోకి దిగుతుంది. అందుకే యార్డు పర్మిట్‌లో రాశారు, ఆ తొలి వాన నీళ్లని సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపాలని. వాగు కలిసే సముద్రపు బేలో కాచుకుని ఉన్న సాల్మన్ చేపలు వాగెక్కేది కూడా ఆ వానకే. పిలిచేదీ అదే, విషం పెట్టేదీ అదే.

ఈ ఏడు వచ్చేవి అక్క చేపలు. బడిలో పాఠాలు చెప్పే గ్వెన్ అక్క, పర్యావరణ డిపార్ట్‌మెంట్ పంపిన గుడ్లని తన ఆఖరి క్లాసు పిల్లల చేత పొదిగించింది. చిటికెన వేలంత చేపపిల్లల్ని పేపర్ కప్పుల్లో పోసి, ఒక్కొక్కరి చేతా వాగులోకి వదిలించింది. ఒక్కోదానికీ ఒక్కో పేరు. ఆ వేసవిలోనే అక్క పోయింది. అవి సముద్రానికి పోయాయి. వాటికి మూడేళ్లు నిండే వేళకి తిరిగొస్తాయి.

సెప్టెంబర్ 12

స్వర్గం కోసేశాడు.

సెప్టెంబర్ 18

కర్ట్ బావ వచ్చాడు. అక్క పోయాక కూడా ఆయన నాకు బావే. పేపర్ బల్లమీద పడేసి, ఏం మరదలు పిల్లా, గురువారం నన్ను ఉతికి ఆరేస్తావు, ఆదివారం బ్లాక్‌బెర్రీ పై వండి పట్టుకొస్తావు, నేను దేన్ని నమ్మాలి అన్నాడు. యాభై నాలుగేళ్ల దాన్ని ఇంకా మరదలు పిల్లా అంటాడు. రెండూ నమ్ము, పైలో పంచదార ఎక్కువ, అంతే తేడా అన్నాను. నవ్వలేదు.

నేనూ ఆగలేదు. జింక్ హద్దు దాటితే నీళ్లు శుభ్రం చేసే ట్యాంకు కట్టాలని పర్మిట్ చెబుతోంది. ఏటా దాటుతోంది. ఏటా నువ్వు గడువు అడుగుతావు, డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇస్తారు. ఇది చట్టమా, చుట్టరికమా అన్నాను.

బావ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. కట్టేశాను లోర్నా అన్నాడు. ట్యాంకు కట్టాను, కాలవలకి ఫిల్టర్లు వేశాను, నీ కాలమ్‌కి భయపడి మాత్రం కాదు అన్నాడు.

మరి ఎందుకని అడగలేదు. అడగాల్సినంత దూరపు మనిషిని కాను.

సెప్టెంబర్ 27

యార్డుకి వెళ్లాను. రూఫినోని తీసుకెళ్లాను. ఫెర్రీ పడవలో పనిచేసి రిటైరయ్యాడు. శరత్తు వస్తే వాగు వెంట నడిచి చేపల లెక్క రాసేది మేమిద్దరమే. నన్ను పత్రికమ్మా అంటాడు. పత్రికమ్మా, మీ బావ యార్డులో ఇవాళ నేలమీద అన్నం పెట్టుకుని తినొచ్చు అన్నాడు. నిజమే. ఊడ్చి, కడిగి, కాలవ మూతులన్నీ కొత్తగా చేసి ఉంచాడు.

యార్డు చుట్టూ పసుపు గీత వేసి ఉంది. పర్మిట్ హద్దు అది. గీత లోపల పడిన ప్రతి చుక్కకీ బావ జవాబుదారీ. చీల్చిన టైరు ముక్కల గుట్ట ఎప్పుడూ మధ్యలో ఉండేది, కనబడలేదు. అడిగితే పనివాళ్ల కార్లు ఆపే చోటికి మార్చానన్నాడు, గీత అవతలికి. పర్మిట్ పనికి పెట్టుకున్న కన్సల్టెంట్ చెప్పాడట, కార్ల చోటు లెక్కలోకి రాదని. డిపార్ట్‌మెంట్ ఆవిడ వచ్చి చూసి తలూపిందట.

నాకూ బాగుందనిపించింది. యార్డు మధ్య అంత ఖాళీ ఎప్పుడూ చూడలేదు.

అక్టోబర్ 8

వాన లేదు. రూఫినో రోజూ ఫోన్ చేసి, మోకాలు ఇంకా వాన కబురేమీ చెప్పలేదు పత్రికమ్మా అంటున్నాడు.

అక్టోబర్ 12, పొద్దున

వాన.

యార్డుకి వెళ్లేసరికి బావ రెయిన్‌కోటులో కాలవ దగ్గర మోకాళ్లమీద ఉన్నాడు. సీసా నింపి ఆకాశానికేసి ఎత్తి చూశాడు. రంగు చూడాలి, నురగ చూడాలి, నూనె తెట్టు చూడాలి, వాసన చూడాలి. అన్నీ చూశాడు. తర్వాత నా చేతికిచ్చాడు. చన్నీళ్ల సీసా. నీళ్లలోంచి అవతల నా వేళ్లు కనబడ్డాయి.

గ్వెన్‌కి చూపించాలనిపిస్తోంది, ఎంత పిచ్చివాణ్ణో చూడు అన్నాడు.

అక్టోబర్ 12, సాయంత్రం

వచ్చాయి. అక్క చేపలు వచ్చాయి. వంతెన కింద నుంచి వీపులు నీళ్లపైన తేలేలా, రాళ్లమీద ఒళ్లు గీరుకుంటూ ఎక్కుతున్నాయి. అక్కవేనని చేపేమైనా రాసిచ్చిందా అన్నాడు రూఫినో. వేరేవి ఎక్కణ్ణుంచి వస్తాయి? అక్క గుడ్లు పొదిగించిన ఏడు వచ్చిన పెద్ద చేపలన్నీ వాగులోనే చచ్చాయి, ఒక్క జతా గుడ్లు పెట్టలేదు. ఈ ఏడు ఈ వాగుకి చేపంటూ ఉంటే అది పేపర్ కప్పులోంచి వచ్చిందే.

రూఫినో టోపీ తీసి, స్వాగతం అమ్మా, దారిలో ట్రాఫిక్ ఎలా ఉంది అని పలకరించాడు. చాలా నవ్వుకున్నాం. బావకి ఫోన్ చేశాను. ఎన్ని వచ్చాయని రెండుసార్లు అడిగాడు.

అక్టోబర్ 13

చచ్చిపోయాయి.

మొదటిది ఒడ్డువారన గిరగిరా తిరుగుతోంది. నోరు తెరిచి నీళ్లపైన గాలి కోసం కొట్టుకుంటోంది. రెక్కలు విప్పుకుని బిగుసుకుపోయాయి. చేతుల్లోకి తీసుకున్నాను. బరువుగా, వెండిలా ఉంది, ఒంటిమీద ఒక్క గాయం లేదు. నా చేతుల్లోనే ఆగిపోయింది.

ఆడచేప చచ్చి దొరికితే కడుపు కోసి చూడాలి, గుడ్లు పెట్టి చచ్చిందా, పెట్టకుండానా అని. అది మా పని. రూఫినో చాకు తీశాడు. కడుపు నిండా గుడ్లు. నారింజరంగు, ఒక్కటీ చెక్కుచెదరలేదు. తర్వాతదీ అంతే. ఆ తర్వాతదీ.

అక్టోబర్ 14

బడి నుంచి ఫోన్. అక్క క్లాసు పిల్లలు ఇప్పుడు పెద్ద క్లాసుకి వచ్చారు. తమ చేపల్ని చూడ్డానికి ఎప్పుడు రావచ్చని అడుగుతున్నారట. మళ్లీ చెబుతానన్నాను.

అక్టోబర్ 22

మళ్లీ వాన. రూఫినో, నేను వాగు వెంట పైకి నడిచాం. నీళ్లు తేటగానే ఉన్నాయి, ఒక్కచోట తప్ప. ముళ్లపొదల కింద ఒక గుంట కాలవ నుంచి నల్లటి పాయ వచ్చి కలుస్తోంది. దాన్ని పట్టుకుని పొదలు తప్పించుకుంటూ ఎక్కాం. పైన టైరు ముక్కల గుట్ట. కార్ల చోటు. దాని పక్కనే తడిసి మెరుస్తూ పసుపు గీత.

రూఫినో గీతకి అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడ్డాడు. పత్రికమ్మా, నీళ్లకి ఈ గీత చదవడం రాదనుకుంటా అన్నాడు.

అక్టోబర్ 24

ల్యాబ్ ఫలితాలు వచ్చాయి. జింక్ పాస్. రాగి పాస్. నూనె పాస్. ఇన్నేళ్లలో మొదటిసారి అన్నీ పాస్. ఆ కాయితం పట్టుకుని బావ మా ఇంటికి వచ్చాడు. గీత లోపలి నీళ్లు కదా మరి. పాస్ కాక ఏమవుతాయి? పైగా చేపల్ని చంపే టైరు విషాన్ని ఆ ల్యాబ్‌లో అసలు పరీక్షించరు.

చేపలు చచ్చిన సంగతి ఆయనకి తెలుసు, ఎందుకు చచ్చాయో తెలియదు. హైవే మీంచి వచ్చిన నీళ్లు అయి ఉంటాయి అన్నాడు. నేను ఆయన్ని కారెక్కించి గుంట కాలవ దగ్గరికి తీసుకెళ్లాను.

తిడదామనే వెళ్లాను. మాటలు కూడా కూర్చుకున్నాను. బావ వంగి ఆ నీళ్లు దోసిట్లోకి తీసుకున్నాడు, సీసా ఎత్తినట్టే ఎత్తి చూశాడు. వాళ్లు చెప్పినచోటే పెట్టాను లోర్నా అన్నాడు. గ్వెన్ కోసం యార్డంతా కడిగాను, వాళ్లు చెప్పినచోటే పెట్టాను. అదే మాట మళ్లీ మళ్లీ అంటూనే ఉన్నాడు.

నేను కూర్చుకున్న మాటలు ఈయనకి కాదు. ఆ గీత గీయమన్నవాడికి, తలూపినావిడకి, గడువులిచ్చిన వాళ్లకి, టైర్లు వదిలించుకుని హాయిగా ఇంటికెళ్లిన మీకు.

బావ లోడర్ ఎక్కాడు. గుట్టంతా మళ్లీ గీత లోపలికి తోసి, తార్పాలిన్ కప్పాడు. వాగులో చేప ఒక్కటీ లేదు.

నవంబర్ 3, డిపార్ట్‌మెంట్ విచారణ రోజు

మైకు ముందు చదవబోయేది ఇంతే.

గీత నీళ్లు పారే దారిని బట్టి గీయండి. కార్ల చోటూ యార్డే.

టైర్లు పైకప్పు కింద ఉంచాలి. తార్పాలిన్ కప్పు కాదు.

టైరు విషాన్ని పరీక్షల జాబితాలో చేర్చండి.

గడువు మీద గడువు ఇవ్వడం ఆపండి.

అప్పటిదాకా, ఈ వాగులో వదలమని ఏ బడికీ గుడ్లు పంపకండి.