సరస్సు అడుగు బురదను సాక్షిగా స్వీకరించుట గురించి

సరస్సుల పరిరక్షణాధికారి గారి సముఖమునకు, సరస్సు బురద పరిశోధకురాలు వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: బాతుల తొలగింపు ఉత్తర్వును నిలుపుట, మరియు తమ కార్యాలయపు పూలకుండీలో కలిసిపోయిన సాక్ష్యమునకు బదులు కొత్త సాక్ష్యము తీయుటకు ఒక పూట పడవ ఇప్పించుట గురించి.

1. సరస్సు ఒడ్డున బాతులు పెంచుకొని బ్రతుకుచున్న మా బాబాయికి తమ కార్యాలయం నుండి నోటీసు వచ్చినది. నీళ్ళు పచ్చబడి కంపు కొట్టుటకు ఆయన బాతులే కారణమనియు, ముందు వాటిని, ఆ పిమ్మట ఇంటిని తొలగించెదమనియు అందులో ఉన్నది. ఆయన పడవను ఆ రోజే స్వాధీనం చేసుకొన్నారు. బాతులకు ఈత వచ్చును గనుక ఇందులో పడవ చేసిన నేరమేమిటో నోటీసులో కనబడలేదు.

2. సరస్సు నీళ్ళలోనిది ఏటేటా అడుగుకు దిగి పొరలుగా పేరుకొనును. గొట్టం దించి పైకి తీసినచో కింద పాత కాలము, పైన నిన్నటి కాలము వరుసగా నిలబడి ఉండును. వాటిని చదువుటయే నా ఉద్యోగము. ఆ పొరలలో నత్రజని రెండు రకములు: ఒకటి తేలికది, ఒకటి కాస్త బరువైనది. మురుగునీరు కలిసినచో బరువైన దాని వంతు పెరుగును. బాతుల రెట్ట వలన కూడా పెరుగును. మా బాబాయి బాతులు గదా అని ఆ మాట దాచను. అయితే అక్కడ బాతులు మా తాతగారి కాలము నుండి ఉన్నవి. ఆ కాలపు పొరలన్నిటిలోను ఆ వంతు నిలకడగానే ఉన్నది. ఆఫీసర్ల క్వార్టర్సు కట్టి, వాటి మురుగు కాలువను సరస్సులోకి వదిలిన నాటి పొర నుండి అది ఎగబాకినది. పొరల వయసు వేరే పరీక్షతో తేల్చితిమి. తమరు నివసించు ఆ క్వార్టర్సులో బాతులు లేవని తమకు తెలియనిది కాదు.

3. విచారణనాడు ఈ సంగతి విన్నవించగా తమరు నవ్వితిరి.

"బురద సాక్ష్యం చెబుతుందా అమ్మా?"

"చెబుతుంది సార్. అడగడం తెలియాలి."

"బాతులు మీ బాబాయివి, పరీక్ష మీది. బంధువుల సాక్ష్యం ఎలా చెల్లుతుంది?"

బాబాయి నాకు బంధువే. బురద కాదు. ఆ మాటే మనవి చేయగా, "సరే, హాజరుపరచండి" అని సెలవిచ్చితిరి.

4. గొట్టమునకు తడిగుడ్డ చుట్టి, బస్సులో ఎవరి మోచెయ్యీ తగలకుండా, చంటిపిల్లను తెచ్చినట్లు తెచ్చితిని. సూపరింటెండెంటు గారు దానిని టేపుతో కొలిచి, పై సగం ఇంజనీరింగు సెక్షనుకు, కింది సగం రికార్డు సెక్షనుకు అని వ్రాసినారు.

"పాత కాలం మా సెక్షన్ చూడదమ్మా," అన్నారు.

"కోస్తే ఎలా సార్? కింద ఎంత ఉండేదో తెలిస్తేనే కదా, పైన పెరిగిందని తెలిసేది!"

"రెండు సెక్షన్లకి ఒక్క గొట్టం ఎలా పంపమంటారు? మీరే చెప్పండి."

రంపం తెప్పించినారు. కోయుచున్నంతసేపు నేను గోడవైపు తిరిగి నిలబడితిని.

5. తడి రికార్డులు స్వీకరించబోమని రికార్డు సెక్షనువారు కింది సగమును తిప్పి పంపగా, అది సైకిల్ స్టాండులో ఎండకు ఎండి పెళ్ళలుగా రాలిపోయినది. పై సగం తమ గది కిటికీలోని క్రోటన్ మొక్క కుండీలో ఉన్నది. "ఉత్త మట్టే కదా మేడం, మొక్క వాడిపోతుంటే వేశాను," అని అటెండరు గారు చెప్పినారు. మొక్క మహా ఏపుగా ఎదుగుచున్నది. మొన్న నా ఎదుటనే తమరు దాని ఆకులు తుడుచుచు ముచ్చటపడితిరి. సరస్సులోకి ఎంత ఎరువు చేరుచున్నదో నేను గ్రాఫులు వేసి చెప్పలేకపోయితిని, మొక్క చెప్పినది.

6. మా పిన్ని బాతులను ఇంట్లోకి తోలి తలుపు వేసుకొన్నది. మంచం కింద బాతులు, పొయ్యి పక్కన బాతులు. బాబాయి వాటి మధ్య కూర్చొని ఉన్నాడు. "ఇంత చదువు చదివావు, మా బాతుల తప్పు లేదని ఒక్క ముక్క రాసివ్వలేకపోయావా తల్లీ?" అని పిన్ని అడిగినది. రాసిచ్చాను కదండీ! ఒక్క ముక్క కాదు, పుస్తకమంత రాసిచ్చాను. ఇంకేం చేయమంటారు నన్ను? మీ ఇంటి కాలువకు అడ్డం పడుకోమంటారా?

క్షమించవలెను. పై వాక్యములు మనవిలో భాగము కావు.

కావున కొత్త బురదను పరీక్షించు వరకు ఉత్తర్వును నిలిపి, ఒక్క పూట పడవ ఇప్పించి, ఈ మనవిని పైపైన కాక అడుగు పొర వరకు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బురద పరిశోధకురాలు
(తమ కార్యాలయంలో "బురదమ్మ" అనినచో అందరికీ తెలియును)

ఇంకో మాట:

ఇది మీకు అందించేలోపే మీవాళ్ళు వచ్చేశారు సార్. బుట్టల్లో బాతుల్ని ఎత్తుకుపోయారు. ఒకటి మాత్రం చేతుల్లోంచి జారి తుంగలో దూరింది. దాన్ని పట్టడానికి బాబాయి పడవనే తెచ్చారు కానీ, నడపడం ఎవరికీ రాదు. పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది. చివరికి "పెద్దాయనా, నువ్వే రావయ్యా" అని బాబాయినే బతిమాలారు. ఆయన ఎక్కాడు. నేనూ కొత్త గొట్టం పట్టుకొని ఎక్కాను.

బాబాయి నా మొహం ఒకసారి చూసి, పడవను లోతైన చోటికి మళ్ళించాడు. నేను గొట్టం దించుతుంటే, "అదెందుకు మేడం?" అన్నాడు మీ మనిషి.

"బాతు మునిగిందేమో చూద్దామని."

అతనూ నీళ్ళలోకి తొంగి చూశాడు. గొట్టం నిండుగా వచ్చింది. పొర చెదరలేదు.

కాబట్టి పడవ అనుమతి ఇక అక్కర్లేదు. గొట్టం మా వంటింట్లో గ్యాస్ బండ పక్కన నిలబెట్టి ఉంది. ఈసారి ఆఫీసుకు మాత్రం తీసుకురాను. మీరే రండి, టీ ఇస్తాను. బాతులు పోయినా నీళ్ళు పచ్చగానే ఉన్నాయి. ఇల్లు కూలగొట్టే ముందు ఒక్కసారి సరస్సు వైపు మీ కిటికీ తెరిచి చూడండి.

ఆ బాతు దొరకలేదు. సాయంత్రం దాకా వెతికారు. తుంగ ఎటు కదిలితే, బాబాయి దానికి అవతలి వైపుకే తెడ్డు వేశాడు.