వంటగట్టు ఎత్తు

చెల్లీ,

నిన్న ఉదయం ప్రార్థన ముగించి వంటింట్లోకి వెళ్లాను. పెద్ద మరదలు కూరగాయలు తరుగుతోంది. చిన్న మరదలు పీటెక్కి పొయ్యి మీది గిన్నె కలుపుతోంది. చిన్న మరదలు అడిగిన వేరే వంటింటికి కొలతలు తీయడానికొచ్చిన వడ్రంగి, ఈ గట్టు ఎత్తే రాసుకుని, రంగు చెక్కలు పరిచి, "ఈ తెలుపు పదేళ్లయినా పాతబడదమ్మా" అన్నాడు.

"పదేళ్లూ నేనిలా పీటెక్కే వండాలా?" అంది చిన్న మరదలు.

పెద్ద మరదలు కత్తి ఆపింది. "వేరే వంటిల్లు అడిగింది ఇందుకా? మా మొహాలు చూడలేకేమో అనుకున్నాం తల్లీ!"

"నీ మొహం చూడాలన్నా పీటెక్కాల్సిందేగా అక్కా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. తమ్ముళ్లు వేరుపడతారేమోనని మనం ఎంత బెంగపడ్డాం! ఆ గట్టు అమ్మ తన ఎత్తుకు కట్టించుకుంది. అమ్మా పొడుగే, పెద్ద మరదలూ పొడుగే. చిన్నదాని ఇబ్బంది ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం అందరం కూర్చున్నాం. పొయ్యి వైపు గట్టు చిన్న మరదలికి అందేలా దించుతారు. తరిగే వైపు పెద్ద మరదలి ఎత్తుకే ఉంటుంది. రంగు తెలుపే. వేరే వంటింటి మాట చిన్న మరదలే వద్దంది.

అక్క