సానమిషను మీద కొబ్బరికాయ కొట్టరాదు

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ కాపురస్తుడను, టెక్కలి కాలేజీ ఆఫీసులో ముప్పయ్యొక్క ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైనవాడను, చామర్తి కూర్మనాథం అనే నేను, డెబ్బై మూడో ఏట, మతి నిలకడగా ఉండి, ఒకరి బలవంతం గాని ఒకరి బుజ్జగింపు గాని లేకుండా, స్వహస్తంతో రాసుకుంటున్న వీలునామా ఇది. మతికి రుజువు కావాలంటే, ఈ ఉదయమే ఒక ఇనపరేకును వెంట్రుకవాసి తేడా రాకుండా సానపట్టాను. ఏ రేకో చివర చెబుతాను. వయసుకి అక్షరం కొంచెం వంకర పోతుంది. ఆ వంకరను మతికి అంటగట్టవద్దు.

1. ఇందులో రాసిన ఆస్తి అంతా నా స్వార్జితం. కాశీబుగ్గ ఇల్లు, వీధివైపు గది మినహా, నా భార్య జగదాంబకు ఆమె జీవితకాలం, ఆమె తదుపరి నా కుమారుడు కౌండిన్యకు సర్వహక్కులతో చెందవలెను. వీధిగది సంగతి తరవాత. ఆ గది ఒకప్పుడు జగదాంబ సామాన్ల గది. నేను కొన్న సానమిషను గుమ్మంలో పట్టకపోతే వీధివైపు గోడ పగలగొట్టనిచ్చింది. ఆనాడు అన్నది ఒక్కటే మాట: "పప్పు డబ్బాలు మంచం కింద పెట్టుకుంటాను గాని, మీరు మాత్రం నూనె చేతుల్తో ఆ మంచం ఎక్కకండి." ఇంతకన్న పెద్ద మనసు నేను గుడిలో కూడా చూడలేదు.

2. సదరు మిషను వివరం. సర్ఫేస్ గ్రైండరు అంటారు, మా వీధిలో సానమిషను. పైన సానరాయి చక్రం తిరుగుతుంది, కింద ఇనపబల్ల ముందుకీ వెనక్కీ నడుస్తుంది, బల్ల మీది అయస్కాంతపు పలక వస్తువును పట్టి ఉంచుతుంది. ఎంత వంకర ఇనుమైనా అద్దంలా చదునవుతుంది. టెక్కలిలో మా కాలేజీ ఎదుట ఒక వర్క్‌షాపు ఉండేది. టీ పేరు చెప్పి రోజూ దీన్ని చూసి వచ్చేవాణ్ణి. అర్చకుల ఇంట పుట్టి గుమాస్తా అయినవాడికి నిప్పురవ్వల మీద మోజేమిటని అడిగితే, మా నాన్న హారతి మీద చూపు నిలిపినట్టే నేనూ నిలిపాననుకోండి. నాలుగేళ్ళ కిందట ఆ వర్క్‌షాపు మూతపడింది, తుక్కువాడి కంటే ఒక్క రోజు ముందు నేను వెళ్ళాను. జీడిపిక్కల బస్తాలు దించి వస్తున్న లారీలో అప్పలరాజు దాన్ని ఇంటికి చేర్చాడు. చూసిన మా బావమరిది గోపాలరావు, "బావా, దీన్ని పడవకి లంగరు వేసుకోమని బెస్తలకి ఇచ్చెయ్యి," అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు. కింద ఆరో పేరాలో బదులు తీర్చుకున్నాను.

3. ఇక ఒప్పుకోలు. వారసులు కూర్చుని వినవలెను.

ఏడాదిపాటు పుస్తకం ఒక చేత, నిఘంటువు ఒక చేత పట్టుకుని మిషనంతా విప్పి, తుప్పు వదిలించి, బల్ల నడిచే దారులను నేనే గీకి చదును చేశాను. ఆ ఏడు దసరాకి పసుపు కుంకుమ పెట్టి, వంశాచారం చొప్పున, సరాసరి బల్ల మీదే కొబ్బరికాయ కొట్టాను. మర్నాడు ఇచ్ఛాపురంలో పెళ్ళికి వెళ్ళి ఐదు రోజులు ఉండిపోయాం. తిరిగి వచ్చేసరికి కొబ్బరినీళ్ళు పలక కిందికి, అక్కణ్ణించి దారుల్లోకి దిగి, ఏడాది పనిని తినేశాయి. అడిగినవాళ్ళందరికీ సముద్రపు గాలి అని చెప్పాను. జగదాంబకి కూడా.

ఆ కార్తీకంలోనే ఉద్దానం నుంచి బడే గున్నయ్య పడవ ఇంజను మూత ఒకటి చదును చేయించడానికి వచ్చాడు. తుప్పు మీద వేలు రాసి, వాసన చూసి, "పంతులుగారూ, ఉప్పుగాలయితే పైనుంచి తింతాది. ఇది కిందనుంచి తినీసింది. కొబ్బరికాయ ఎక్కడ కొట్టినారేటి?" అన్నాడు. కొబ్బరితోటల మధ్య పుట్టినవాడి దగ్గర నా అబద్ధం అరనిమిషం నిలవలేదు.

గున్నయ్య భార్య వరహాలమ్మకు కిడ్నీలు చెడ్డాయి. సోమ, బుధ, శుక్రవారాలు పలాసలో డయాలసిస్. "అది నాలుగ్గంటలు సూది మీద ఉంతాది. నాను బైట కూకుంటే దానికేటి, నాకేటి? ఆ గీకుడేదో సూపించండి," అన్నాడు. చూపించాను. చదునుపలకకు నీలం రంగు పూసి దారి మీద రుద్దడం, రంగు అంటిన ఎత్తుల్ని ఉలితో పొట్టు పొట్టుగా గీకడం, మళ్ళీ రుద్దడం. మొదటి వారానికే నా కన్న బాగా గీకాడు. అలా పదహారు నెలలు, వారానికి మూడు పూటలు. అక్కడ ఒక మిషను ఆమె నెత్తురు కడుగుతుంటే, ఇక్కడ ఇతను ఈ మిషనుకి ప్రాణం పోశాడు. నా పని పుస్తకం చదివి వినిపించడం, టీ పెట్టించడం.

పని ముగిశాక పలాస వ్యాపారులు సభ పెట్టి, పాత మిషను బతికించినందుకు నాకు శాలువా కప్పారు. అది శుక్రవారం. గున్నయ్య ఆస్పత్రి గుమ్మంలో ఉన్నాడు. మైకు నా చేతిలో ఉంది. అతని పేరు చెప్పలేదు. మరచిపోయి కాదు. శాలువా వెచ్చగా ఉంది, అంతే. ఆ తరవాత అతనొచ్చి, "మనకి సన్మానం బాగా సేసినారు పంతులుగారూ," అన్నాడు. ఆ 'మన' అనే మాట నన్ను ఏడాదిన్నరగా నిద్రపోనివ్వడం లేదు.

4. కావున సదరు మిషను, దాని సమస్త పనిముట్లు, వీధిగది, పగలగొట్టిన గోడకు పెట్టిన తలుపు, బడే గున్నయ్యకు, అతని తదుపరి అతని కుమార్తె, ఐటిఐలో ఫిట్టరు చదివిన భాగ్యశ్రీకి చెందవలెను. గది ఎందుకంటే, ఉద్దానం తీసుకుపోతే ఉప్పుగాలి నిజంగానే తింటుంది. కౌండిన్యా, అక్కడ కారు పెట్టుకోవాలని కొలతలు తీశావని తెలుసు. కొలత తప్పు కూడా తీశావు. కోపం వస్తే నా మీద పడు, వాళ్ళని కోర్టుకి లాగకు. ఈ పేరా రాసేముందు పై మూడో పేరా మీ అమ్మకి చదివి వినిపించాను. కొబ్బరికాయ సంగతి విని, "నాకు ఆనాడే తెలుసు. చిప్పలు నేనేగా ఏరింది," అంది.

5. శాలువా వరహాలమ్మకు. డయాలసిస్ గదిలో చలి ఎక్కువని ఆమె అంటుంది.

6. ఈ వీలునామాను అమలు జరిపే పెద్దగా నా బావమరిది గోపాలరావును నియమించడమైనది. లంగరును తగిన చేతులకు అప్పగించే పని అతనిది. వెటకారం పక్కన పెడితే, మాట తప్పని మనిషి మా ఇంట్లో అతనొక్కడే.

7. జీడిపిక్కలు కోసే తవిటమ్మకు ఏదైనా రాద్దామనుకున్నాను, ఆ మిషను మీద మొదట సానపెట్టింది ఆమె కత్తులే గనక. కాని ఆమె ఈ కాగితానికి సాక్షి, సాక్షికి ఆస్తి రాయకూడదట. అందుచేత ఆమె కత్తులు నిన్ననే సానపెట్టి ఇచ్చేశాను.

8. ప్రతి దసరాకు మిషనుకి పూజ జరగవలెను. కాయ గడప మీద కొట్టవలెను. బల్ల మీద ఎవరు కొట్టినా, వాళ్ళు నా వంశంవాళ్ళే అని జనం గుర్తించెదరు గాక.

చివరగా ఆ రేకు సంగతి. సభ అయిన వారమే "చామర్తి కూర్మనాథం" అని చెక్కించి మిషను నుదుట బిగించాను. ఈ ఉదయం విప్పి, అదే మిషను అయస్కాంతం మీద పెట్టి సానపట్టాను. నా పేరు తొమ్మిది వరసల్లో పోయింది, 'కూ' కొమ్ము కొంచెం మొండికేసింది. రేకు ఇప్పుడు నున్నగా ఉంది, తిరిగి దాని చోట బిగించాను. ఏ పేరు చెక్కుకుంటారో గున్నయ్య, భాగ్యశ్రీల ఇష్టం.

కాశీబుగ్గ, 2025 సెప్టెంబరు 26, శుక్రవారం. గున్నయ్య వచ్చే వేళయింది.

(సంతకం) చామర్తి కూర్మనాథం

సాక్షులు:
1. అప్పలరాజు, లారీ డ్రైవరు, పలాస
2. తవిటమ్మ, జీడి కార్మికురాలు, కాశీబుగ్గ