స్టాల్‌కు నేను చెప్పిన అర్థం

చిన్నమ్మకు నమస్కారాలు.

బొగ్గుబాయిలో పైకప్పు కూలి తమ్ముడు మనోహరం పోయాడని నువ్విచ్చిన టెలిగ్రాం నిన్న అందింది. వాడు ఆ బాయిలో దిగవలసిన గతి ఎందుకు పట్టిందో నీకు తెలియదు.

హైదరాబాదులో ఇద్దరం పైలట్ పరీక్షకు కూర్చున్నాం. ఉన్నది ఒక్కటే ఖాళీ. ముందురోజు వాడు, "అన్నా, గీ స్టాల్ అంటే ఏంది?" అని అడిగాడు. విమానం ముక్కు మరీ పైకెత్తితే రెక్కలు గాలిలో పట్టు తప్పడం అది. నేను, "లారీ లెక్క ఇంజన్ బందైతది, గంతే" అన్నాను. వాడు పరీక్షలో అదే చెప్పి తప్పాడు. ఉద్యోగం నాకొచ్చింది.

బొగ్గుబాయి పనికి వాణ్ణి మంచిర్యాల రైలెక్కించేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. వాడే నా భుజం తట్టి, "నీకు గూడ అప్పుడు దెల్వదు గదా అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

నాకు తెలుసు, చిన్నమ్మా.

దశదినకర్మకు వస్తాను. నువ్వు వద్దంటే రాను.