తూర్పు గోడలో రావిచెట్టు

మాండలేలో ఉన్న అమ్మాయి ఖిన్ న్యోకు మీ నాన్న దీవించి రాయునది. ఇక్కడ రంగూన్‌లో నేనూ మీ అమ్మా కులాసా. నువ్వూ అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను కాపలా ఉన్న భవనం మాత్రం కులాసాగా లేదు.

వాన లోపలికి వస్తోందా అని అడిగావు. రావడమేమిటి, కాపురమే పెట్టింది. పెద్ద హాల్లో పాలరాతి నిండా పాచి. మేడమెట్లు పదకొండు మిగిలాయి. ఏ మెట్టు మీద కాలు వేయాలో నాకొక్కడికే తెలుసు. యజమానమ్మ కొడుకులు ముగ్గురూ వాటాలు తేలక కోర్టు చుట్టూ తిరుగుతున్నారు, ఇటు రారు. నా నడుంనొప్పి సంగతి అడిగావు. ఉంది.

కిందటి బుధవారం పురపాలక ఇంజినీరు ఇద్దరు కూలీలతో వచ్చాడు. తూర్పు గోడ పైనుంచి కిందిదాకా చీలింది. ఆ చీలికలో రావిచెట్టు, వేళ్ళు నా తొడంత.

"తాతా, ఈ ఇంటిని ఎవరు చూసుకుంటున్నారు?"

"నేనే. ముప్ఫై ఏళ్ళ పైనుంచి."

"చూస్తూనే ఉన్నావన్నమాట!"

కూలీలు నవ్వారు.

"నవ్వింది చాలు. గోడను చీల్చింది వాన," అన్నాను.

"వానకు ఆకులుంటాయా తాతా? ఆ చెట్టు తీసేస్తే ఇల్లు నిలపొచ్చని రాస్తాను. లేదా, నెలలో కూల్చేస్తారు."

రంపం తెచ్చిన కూలీ దాన్ని కింద పెట్టేశాడు. "బుద్ధుడు కూర్చున్న చెట్టండీ. నేను ముట్టను. మా ఆవిడ గడప తొక్కనివ్వదు." రెండోవాడు అప్పటికే చెప్పులు విడిచి దండం పెడుతున్నాడు.

నీ చివరి ప్రశ్న ఇందాకటినుంచి దాటేస్తున్నాను. బుద్ధుడికి జ్ఞానోదయమైన కసోన్ పున్నమికి నీ పేర రావిచెట్టుకు నీళ్ళు పోశానా అని అడిగావు. పోశాను. ఏటా పోస్తున్నాను. గుడిలో మాత్రం కాదు.

తూర్పు గోడలో ఆ రావిమొక్క వేలెడున్నప్పుడే యజమానమ్మ చూసి పీకెయ్యమన్నారు. పీకేశానన్నాను. పీకలేదు. అప్పుడు నీకు ఏడాది వయసు, తొమ్మిది రోజులుగా జ్వరం. దానికే చెంబుడు నీళ్ళు పోసి మొక్కుకున్నాను. మర్నాటికి నీ ఒళ్ళు చల్లబడింది. అప్పటినుంచి నీ వయసుకు ఏడాదికో చెంబు చొప్పున మేడెక్కి పోశాను. ఈ ఏడాది ముప్ఫై ఒకటి. ఇంటికి కాపలావాణ్ణీ నేనే, గోడను చీల్చిన నీళ్ళూ నావే.

నిన్న వెళ్ళి ఇంజినీరుకు ఇదంతా చెప్పాను. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. విహారంలో పెద్ద భిక్షువును అడిగితే, "పెంచింది నువ్వు, కోసేదీ నువ్వే. ముందు ఒక పిలకను బతికించు," అన్నారు. పిలకను వేళ్ళతో సహా నూనె డబ్బాలో పెట్టాను. ఆకు వాడలేదు. రేపు పొద్దున రంపం నేనే పడతాను. మీ అమ్మ నిచ్చెన పట్టుకుంటుంది, తిడుతూనే.

పిలకను విహారం వెనక, గోడలకు దూరంగా నాటుతాం. వచ్చే కసోన్‌కు నీ నీళ్ళు నువ్వే వచ్చి పోసుకో. ముప్ఫై రెండు చెంబులు నేనిక మొయ్యలేను.

ఇట్లు,
మీ నాన్న
ఫో లోన్