మోటరు దగ్గరి బల్బు

అన్నకు నీ చెల్లెలు సుజాత దండాలు. బెంగళూరులో నేను బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, అమ్మ ఎలా ఉన్నారు? నాయన మోకాలి నొప్పి తగ్గిందా?

ఇక్కడ రోజూ సాయంత్రం జల్లు పడుతోంది. ఈ నీళ్లన్నీ సిమెంటు రోడ్డు పాలవుతుంటే, ఇందులో సగం మన చేను మీద పడకూడదా అని కోపం వస్తుంది. హాస్టల్లో సాంబారులో బెల్లం వేస్తారు. తింటున్నాలే, దిగులుపడకు. ఎవరైనా ఇటు వస్తే వదిన చేసే శెనక్కాయల పొడి కొంచెం పంపు. ఆదివారాలు గదిలో ఎవరూ ఉండరు, అప్పుడు మీరు మరీ గుర్తొస్తారు.

ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నువ్వు మాట సాగనివ్వవు. “అంతా బాగుండాది లేమ్మా, నువ్వు అన్నం తింటివా?” అని పెట్టేస్తావు. మొన్న వదిన చెబితే గానీ నాకు తెలియలేదు. త్రీఫేజు కరెంటు వచ్చిందో లేదో చూపించే యాప్ నేను చేశానని, మోటరు దగ్గర గుంజకు కట్టిన బల్బును దించేశావట. కరెంటొస్తే ఇంటి నుంచే వెలుగు కనపడే బల్బు అది. “మా చెల్లెలు చేసింది ఉండంగా ఇదెందుకప్పా” అని ఊరంతా చెప్పుకున్నావట. తీరా వేరుశెనగ ఊడలు నేలలోకి దిగి, నీళ్లు తప్పనిసరైన వేళకు, ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నావట. అది ‘కరెంటు లేదు’ అని చూపిస్తుండగానే రెండుసార్లు కరెంటు వచ్చి పోయింది. రెండు తడులు తప్పిపోయాయి. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదన్నా.

తప్పు నాదే. యాప్ తెరిచినప్పుడు కరెంటు సమాచారాన్ని ఒక్కసారి చూసి, తెర మీద వేసి ఊరుకునేలా చేశాను. తర్వాత వెనక సమాచారం మారినా తెరకు ఆ కబురు అందేది కాదు. మూసి మళ్లీ తెరిస్తేనే కొత్తది కనపడేది. ఆఫీసులో మేము పరీక్షించేటప్పుడు ఊరికే మూస్తూ తెరుస్తూ ఉంటాం, అందుకే బయటపడలేదు. నీలాగా నమ్మి, తెరిచిపెట్టి చూస్తూ కూర్చునేవాళ్లు మాలో ఎవరూ లేరు.

ఇప్పుడు బల్బును తీగకు కలిపినట్టు తెరను సమాచారానికి కలిపేశాను. అక్కడ మారితే ఇక్కడ దానంతటదే మారుతుంది. ఆఫీసులో ఫోను ముట్టకుండా చూస్తూ కూర్చున్నాను. ‘లేదు’ పోయి ‘వచ్చింది’ అని పడగానే ఏడుపొచ్చింది. పక్క సీటు పిల్ల బిత్తరపోయింది.

అయినా బల్బు మళ్లీ కట్టు. రెండూ చెరో మాట చెబితే బల్బునే నమ్ము, నన్ను తిట్టు. ఇంకొక్క మాట. చేను వాడిపోతున్నా నువ్వు రోజూ నాకు ‘అంతా బాగుండాది’ అన్నావే, నా యాప్ చేసిందీ అదే కదన్నా. ఇకనుంచి ఎండితే ఎండిందని చెప్పు. నేను అడగక ముందే చెప్పు.

వదినను కోప్పడకు, ఒట్టు పెట్టి చెప్పించుకున్నది నేనే. అమ్మానాయనల కాళ్లకు మొక్కానని చెప్పు. మీ దీవెన ఉంటే నాకేం కాదు. ఇది అందగానే చేను ఎలా ఉంటే అలాగే ఫొటో తీసి పంపు. నీలాగే నేనూ ఫోను తెరిచి, ముందు పెట్టుకుని కూర్చుంటాను.

నీ చెల్లెలు
సుజాత